విదేశీ కంపెనీ తన ఐటీ పని బయటికెందుకిస్తుంది? అది రాయగడ, బరంపురం దాకా రావాలంటే ఏం ఉండాలి?

నాగావళి – రాయగడ

అందరికీ నమస్కారం. రాయగడలో ఎనిమిది మందితో చిన్న సపోర్ట్ యూనిట్ పెట్టే ఆలోచన నడుస్తోంది. గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం కాలేజీల్లో చదివిన పిల్లలు ఏటా విశాఖకో, హైదరాబాదుకో, బెంగళూరుకో వెళ్ళిపోతున్నారు. ఉంటామనేవాళ్ళకు ఇక్కడే పని చూపించాలని ఉద్దేశం. గది, కుర్చీల సంగతి తర్వాత. ముందు అసలు సంగతి తెలియాలి. అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్న కంపెనీ తన కంప్యూటర్ల పనిని ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేతిలో ఎందుకు పెడుతుంది? ఏ పని ఇస్తుంది, ఏది ఇవ్వదు? ఇచ్చాక ఎక్కడ చెడుతుంది? లెక్కలతో చెప్పగలిగినవాళ్ళు చెప్పండి. "చౌక కాబట్టి" అన్న ఒక్క మాటతో సరిపెట్టొద్దని మనవి.

బరంపురం పట్టు – బరంపురం

పని ఎవరు చేస్తారన్నది ఒక ప్రశ్న, ఎక్కడ కూర్చుని చేస్తారన్నది ఇంకో ప్రశ్న. ముందు ఈ రెండూ విడదీయాలండి. సొంత ఉద్యోగులు సొంత దేశంలో చేస్తే అది మామూలు ఐటీ విభాగం. సొంత ఉద్యోగులే వేరే దేశంలో చేస్తే, హైదరాబాదు, బెంగళూరుల్లో విదేశీ కంపెనీలు పెట్టుకున్న సొంత కేంద్రాలు, వాటినే జీసీసీలంటారు. బయటి కంపెనీ అదే దేశంలో చేయొచ్చు, వేరే దేశం నుంచీ చేయొచ్చు. మీరు అడుగుతున్నది ఈ చివరిది. ఒక్కోదాని వెనక కారణం ఒక్కోటి, అన్నీ కలిపేస్తే జవాబు తప్పుతుంది.

1989లో ఈస్ట్‌మన్ కొడాక్ తన డేటా సెంటర్లను ఐబీఎంకి అప్పగించింది. పని అమెరికా దాటలేదు, కాబట్టి జీతాల తేడా అన్న మాటే లేదు. కెమెరా ఫిల్ము అమ్ముకునే కంపెనీకి మెయిన్‌ఫ్రేములనే పెద్ద కంప్యూటర్లు కొనడం, కొన్నేళ్ళకోసారి మార్చడం, వాటికి మనుషుల్ని పోషించడం బరువు. పెట్టుబడిగా పోయే డబ్బు నెలవారీ బిల్లుగా మారింది. అంత పెద్ద కంపెనీయే ఇచ్చిందంటే ఇవ్వొచ్చన్నమాట అని మిగతావాళ్ళకు ధైర్యం వచ్చింది. దానికి నాలుగేళ్ళ ముందే, 1985లో, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో ఉపగ్రహ లింకుతో సొంత కేంద్రం పెట్టింది. అక్కడ వాళ్ళు వెతుక్కున్నది ఇంజనీర్లను. రెండు కంపెనీలు, రెండు వేర్వేరు కారణాలు.

ఈ రెండూ కలిసి వచ్చింది వై2కేతో, అంటే 2000 సంవత్సరం తేదీల సమస్యతో. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండే అంకెలు రాసి పెట్టారు. 1999 డిసెంబరు 31 లోపల అవన్నీ వెతికి సరిచేయాలి. అంతమంది ప్రోగ్రామర్లు అమెరికాలాంటి దేశాల్లో లేరు, ఉద్యోగంలోకి తీసుకుంటే 2000లో వాళ్ళకు పని లేదు. పైగా ఏం చేయాలో కాగితం మీద రాసి ఇవ్వగలిగిన పని, సరిగ్గా చేశారో లేదో పరీక్ష పెట్టి చూడగలిగిన పని. ఇక్కడ 1991లో ఏర్పడ్డ ప్రభుత్వ సంస్థ ఎస్‌టీపీఐ (సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ) అప్పటికే ఎగుమతి కంపెనీలకు ఉపగ్రహ లింకులు, పన్ను మినహాయింపు అందిస్తోంది. అలా కుదిరింది.

రోనాల్డ్ కోస్ అనే ఆర్థికవేత్త 1937లోనే ఈ లెక్క చెప్పాడు: బయట కొనడానికి అయ్యే వెతుకులాట, బేరం, నిఘా ఖర్చు లోపల చేయించుకునే ఖర్చు కంటే తక్కువైతేనే కంపెనీ బయట కొంటుంది. నాగావళి గారూ, మీ యూనిట్ గెలవాలన్నా ఓడాలన్నా ఆ నిఘా ఖర్చు దగ్గరే. జీతం దగ్గర కాదు.

గుణుపురం కుర్రాడు – గుణుపురం

చరిత్ర బాగుంది గానీ, చివరికి జీతాల తేడాయే కదేటి సార్? అక్కడ గంటకు ఎనభై డాలర్లు, ఇక్కడ ఇరవై ఎనిమిది. మూడోవంతుకు పని అయిపోతే ఎవరు వద్దంటారు?

మహేంద్రతనయ – పర్లాకిమిడి

తమ్ముడూ, ఆ మూడోవంతు లెక్కతో బయల్దేరిన కంపెనీలే రెండో ఏడాదికి తల పట్టుకుంటాయి. పది మంది బృందానికి ఒక లెక్క వేస్తాను. అంకెలు లెక్క కోసం అనుకున్నవి, తీరు మాత్రం అసలుదే.

అక్కడ ఒక ఇంజనీరు జీతం ఏడాదికి 1,20,000 డాలర్లు అనుకుందాం. ఆరోగ్య బీమా, పన్నులు, ఆఫీసు కలిపి 30 శాతం పైన వేస్తే 1,56,000. పది మందికి 15,60,000.

ఒకరిని అక్కడే ఉంచుకుని మిగతా పని ఇక్కడికి పంపితే, తొమ్మిది మంది చేసే పనికి పదకొండు మందిని వేయాలి. దూరం, అప్పగింతలు, కొత్తవాళ్ళు నేర్చుకునే సమయం అందులో పోతాయి. 11 మంది, ఏడాదికి 1,900 గంటలు, గంటకు 28 డాలర్లు: 5,85,200. అక్కడే కూర్చునే మన సమన్వయకర్త ఒకరు, గంటకు 75 చొప్పున 1,800 గంటలు: 1,35,000. క్లయింటు, అంటే పని ఇచ్చే కంపెనీ, తన దగ్గర ఏం చేయాలో చెప్పే మనిషిని ఒకర్ని, సగం సమయానికి ఒక సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టును ఉంచుకోక తప్పదు: 2,34,000. ప్రయాణాలు, వీపీఎన్, అదనపు లైసెన్సులు, ఆడిట్: 50,000. మొత్తం 10,04,200. అంటే మిగిలేది 5,55,800, దాదాపు 36 శాతం.

మొదటి ఏడాది వేరు. పని చేతులు మారే మూడు నెలలు పాత బృందానికీ జీతం ఇవ్వాలి: 3,90,000. వాళ్ళను పంపించే పరిహారం ఒక లక్ష అనుకుంటే మిగిలేది 65,800. నాలుగు శాతం. ఒక్క పెద్ద వైఫల్యం వస్తే అదీ ఉండదు.

జీతం తేడా మూడింట రెండు వంతులు కనబడుతుంది, చేతికొచ్చేది మూడోవంతు, అదీ రెండో ఏడాది నుంచి. మధ్యలో పోయినదంతా పట్టు గారు చెప్పిన నిఘా ఖర్చే.

గుణుపురం కుర్రాడు – గుణుపురం

మొదటి ఏడాది నాలుగు శాతానికి ఇంత తలనొప్పి ఎందుకు మరి? మానీయొచ్చు గదా మేడం?

జయపురం మాస్టారు – జయపురం

ఎందుకంటే డబ్బు మిగలడం అసలు కారణాల్లో ఒకటి మాత్రమే, చాలాసార్లు అది రెండోది.

మొదటిది మనుషుల సంఖ్య పెంచడం, తగ్గించడం. ఒక బీమా కంపెనీకి కొత్త పాలసీ వ్యవస్థ కట్టడానికి పద్దెనిమిది నెలలు అరవై మంది కావాలి, తర్వాత పన్నెండు మంది చాలు. సొంతంగా తీసుకుంటే నలభై ఎనిమిది మందిని తీసేయాలి. యూరప్ దేశాల్లో అది చట్టంతోనూ, కార్మిక సంఘాలతోనూ ముడిపడ్డ వ్యవహారం. బయటి కంపెనీ అయితే ఒప్పందంలో ముప్పై రోజుల నోటీసు.

రెండోది దొరకని నైపుణ్యం. పాత మెయిన్‌ఫ్రేములు తెలిసినవాళ్ళు అక్కడ పదవీ విరమణ చేస్తున్నారు, కొత్తవాళ్ళు అటు రావడంలేదు. బ్యాంకుల్లో ఆ యంత్రాలు ఇంకా నడుస్తున్నాయి.

మూడోది రాత్రి పని. ఇరవై నాలుగు గంటలూ కనిపెట్టుకుని ఉండాలంటే అక్కడ మూడు షిఫ్టులు. వాళ్ళ అర్ధరాత్రి మనకు పట్టపగలు.

నాలుగోది బయటికి ఎవరూ చెప్పనిది. ఉద్యోగుల సంఖ్య పెంచొద్దని పైనుంచి ఆంక్ష ఉంటుంది గానీ సేవల ఖర్చు పెంచొద్దని ఉండదు. మేనేజరు అందుకే వెండర్ (పని తీసుకునే బయటి కంపెనీ) దగ్గరికి వెళ్తాడు. ఖర్చు ఎక్కువైనా సరే.

వెనక్కి తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. జేపీ మోర్గాన్ 2002 చివర్లో ఐబీఎంతో ఏడేళ్ళకు 500 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుని, బ్యాంక్ వన్‌తో విలీనమయ్యాక 2004లో రద్దు చేసుకుంది. జనరల్ మోటార్స్‌లో దాదాపు 90 శాతం ఐటీ పని బయటివాళ్ళ చేతిలో ఉండేది. 2012లో దాన్ని తలకిందులు చేసి 90 శాతం సొంతవాళ్ళతోనే చేయిస్తామని ప్రకటించింది. ఐటీయే తమ వ్యాపారానికి ప్రాణమని తెలిశాక ఎవరైనా వెనక్కి లాక్కుంటారు. మన దేశంలో జీసీసీల సంఖ్య 1,700 దాటింది కూడా అందుకే: చవకా కావాలి, పగ్గం చేతిలోనే ఉండాలి. చిన్న యూనిట్ పెట్టేవాళ్ళు ఈ మార్పు గమనించాలి. పెద్ద కంపెనీల ముఖ్యమైన పని జీసీసీలకు పోతోంది. మనకు దొరికేది జీసీసీ పెట్టుకునే స్తోమత లేని మధ్యతరహా కంపెనీల పని. నా అభిప్రాయంలో మీకు అదే మంచిది కూడా, వాళ్ళు ఎనిమిది మంది బృందంతో మాట్లాడతారు.

నాగావళి – రాయగడ

మాస్టారూ, మహేంద్రతనయ గారూ, ఇలాంటి జవాబే కావాలనుకున్నాను. పని చేతులు మారే మూడు నెలల్లో అసలు ఏం జరుగుతుంది? అక్కడే చెడుతుందని అందరూ అంటారు.

బరంపురం పట్టు – బరంపురం

అక్కడే చెడుతుంది, నిజం. ఈ ఘట్టాన్ని కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, పని వివరాలు అప్పగించడం) అంటారు, దాన్ని తరగతి పాఠంలా అనుకోవడమే మొదటి తప్పు.

మొదటి రెండు వారాలు జాబితా. ఎన్ని అప్లికేషన్లు, ఒక్కోదానికి వ్యాపారం వైపు యజమాని ఎవరు, ఏ డేటాబేసు, రాత్రి తమంతట తాము నడిచే బ్యాచ్ జాబులు ఎన్ని, ఏ ఫైలు ఎక్కడినుంచి ఎన్నింటికి వస్తుంది, ఏ భద్రతా సర్టిఫికెట్ ఎప్పుడు ముగుస్తుంది. గత పన్నెండు నెలల టికెట్లు (వచ్చిన సమస్యల నమోదులు) మొత్తం తెప్పించి చదవండి. డాక్యుమెంట్లు అబద్ధం చెప్పొచ్చు, టికెట్లు చెప్పవు. ఎక్కువసార్లు వచ్చిన ఇరవై సమస్యలు తీసి, వాటి చుట్టూ పాఠాలు పెట్టించుకోండి, ప్రతిదీ రికార్డు చేయండి.

తర్వాత మూడు నాలుగు వారాలు షాడో: పాతవాళ్ళు చేస్తారు, మీవాళ్ళు చూస్తారు. ఆ తర్వాత ఇంకో మూడు నాలుగు వారాలు రివర్స్ షాడో: మీవాళ్ళు చేస్తారు, పాతవాళ్ళు పక్కనుండి చూస్తారు. చివర్లో మీవాళ్ళే పాతవాళ్ళకు ఆ వ్యవస్థను పాఠంలా చెప్పాలి. తడబడిన చోటల్లా కేటీ కాలేదన్నమాట. ఆ పాఠం అయ్యాకే సంతకం.

ఎక్కడ చెడుతుందంటే, చెప్పాల్సినవాడికి ఇది తన ఉద్యోగం పోయే పాఠం. అడిగినదానికి జవాబిస్తాడు, అడగనిది చెప్పడు. తప్పు పట్టలేం. కేటీ పూర్తయ్యేదాకా ఉంటే బోనసు అని క్లయింటు వాళ్ళకు రాసిస్తే సగం సమస్య తీరుతుంది, అది మీరు ముందే అడగాలి.

రెండోది క్యాలెండరు. మూడు నెలల కేటీలో నెలాఖరు మూడుసార్లు, త్రైమాసికం ముగింపు ఒక్కసారి వస్తాయి. ఏడాది ముగింపు రాకపోవచ్చు. ఏడాదికొక్కసారి నడిచే పన్ను ఫారాల జాబు, కొత్త ఏడాది ధరల మార్పు ఎవరూ చూపించరు. అది జనవరిలో అర్ధరాత్రి ఆగిపోతుంది. పాతవాళ్ళలో ఒకరిని మొదటి ఏడాది ముగింపు దాటేదాకా, గంటల లెక్కన పిలిస్తే పలికేట్టు, ఒప్పందంలో పెట్టించండి.

మూడోది యాక్సెస్. మీ పిల్లలకు లాగిన్లు రావడానికి మూడు వారాలు పడితే షాడో వారాలు వట్టివి. ఒప్పందం సంతకమైన రోజే పేర్లు, కావలసిన అనుమతులు ఒక పట్టికగా పంపండి. లాగిన్లు ఆలస్యమైనన్ని రోజులు కేటీ గడువు కూడా జరుగుతుందని రాయించండి.

జయపురం మాస్టారు – జయపురం

పట్టు గారి మాటకు కొనసాగింపుగా ధర సంగతి. మూడు పద్ధతులున్నాయి. గంటల లెక్క: పని పెరిగితే మీకు నష్టం లేదు, క్లయింటుకు అనుమానం. మొత్తానికి ఒకే ధర: ఏం కట్టాలో స్పష్టంగా ఉంటేనే ఒప్పుకోవాలి, మధ్యలో కోరికలు పెరిగితే మార్పు పత్రం లేకుండా ఒక్క లైను కూడా రాయకూడదు. మూడోది నెలవారీ సేవ, దానికి ఎస్‌ఎల్‌ఏ, అంటే సేవ ఏ స్థాయిలో ఉండాలో రాసిచ్చే హామీ.

టికెట్‌కింత అని మాత్రం ఒప్పుకోకండి, అడగకండి. టికెట్ల లెక్కన డబ్బొస్తే అదే తప్పు మళ్ళీ మళ్ళీ రావడం వెండర్‌కు లాభం, మూలకారణం సరిచేస్తే నష్టం. చాలా ఒప్పందాల్లో సపోర్టు నాణ్యత కుళ్ళిపోయేది ఇక్కడే. నెలకు స్థిరమైన మొత్తం, అందులో ఇన్ని టికెట్ల దాకా, ఏడాదిలో టికెట్లు తగ్గిస్తే మిగులులో మీకు వాటా. ఇద్దరి ప్రయోజనం ఒకవైపే ఉంటుంది.

ఎస్‌ఎల్‌ఏ అంకెలు చదవడం నేర్చుకోండి. ముప్పై రోజుల నెలకు 43,200 నిమిషాలు. 99.9 శాతం అంటే నెల మొత్తం మీద ఆగడానికి వీలున్నది 43 నిమిషాలు. 99.5 అంటే 216 నిమిషాలు, మూడున్నర గంటల పైచిలుకు. ఎనిమిది మందితో ఇరవై నాలుగు గంటల పీ1 (అన్నింటికంటే అత్యవసరమైన సమస్యల) సపోర్టు ఒప్పుకోవద్దు. ఒక కుర్చీలో ఇరవై నాలుగు గంటలు, వారానికి ఏడు రోజులంటే 168 గంటలు. ఒక మనిషి వారానికి 40 గంటలు చేస్తే నలుగురికి పైనే, సెలవులు, జబ్బులు కలిపితే ఐదుగురు. ఒక్క కుర్చీకే ఐదుగురు పోతే మిగతా పనికి ముగ్గురు.

తప్తపాణి – బరంపురం

నెట్‌వర్క్, కరెంటు వైపు నుంచి చెప్తాను. మన జిల్లాల్లో దీన్ని తేలిగ్గా తీసుకుంటే క్లయింటు మొదటి ఆడిట్‌లోనే పోతాడు.

రెండు కంపెనీల ఫైబర్ కనెక్షన్లు తీసుకున్నంత మాత్రాన రెండు దారులు ఉన్నట్టు కాదు. రెండూ ఒకే స్తంభం మీదుగా వీధిలోకి వస్తే ఒక లారీ తగిలితే రెండూ పోతాయి. లైన్‌మన్‌ను వెంటబెట్టుకుని భవనం దగ్గర్నుంచి ఎక్స్ఛేంజి దాకా రెండు దారులూ నడిచి చూడండి, రోడ్డు విస్తరణ జరిగే వైపు ఏది ఉందో రాసుకోండి. బ్యాండ్‌విడ్త్ గురించి బెంగ వద్దు, ఎనిమిది మందికి 50 ఎంబీపీఎస్ ఎక్కువే. బాధ ఆలస్యంతో. ఇక్కడి నుంచి అమెరికా తూర్పు తీరానికి వెళ్ళి రావడానికి సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు. రిమోట్ డెస్క్‌టాప్ మీద టైపు చేస్తే అక్షరం వెనకబడి వస్తుంది. క్లయింటు ఒప్పుకుంటే కోడు ఇక్కడ లాప్‌టాప్‌లో రాసి గిట్‌లోకి (కోడు దాచే వ్యవస్థలోకి) పంపే పద్ధతి మేలు.

కరెంటు: లాప్‌టాప్, మానిటర్ కలిపి మనిషికి 95 వాట్లు అనుకుంటే ఎనిమిది మందికి 760. రౌటరు, స్విచ్, ఫ్యాన్లు, లైట్లు కలిపి ఒక కిలోవాట్. 12 వోల్టుల 150 ఏహెచ్ లెడ్ బ్యాటరీలు నాలుగు పెడితే కాగితం మీద 7.2 యూనిట్లు. సగం కంటే లోతుగా వాడితే బ్యాటరీ పాడవుతుంది, ఇన్వర్టర్ నష్టం పోనూ చేతికి మూడు. అంటే మూడు గంటలు, ఏసీ లేకుండా. ఆపైన జనరేటరు. గంటకు లీటరున్నర డీజిల్ పట్టుకున్నా మూడు రోజులకు 108 లీటర్లు. నెలకోసారి అరగంట లోడు మీద నడపండి. లోడు లేకుండా నడిపి బాగానే ఉందనుకుంటే తుపాను నాడు మొరాయిస్తుంది.

తుపాను మాట ఊరికే అనలేదు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ మీదికొచ్చింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. మూడూ అక్టోబరు రెండో వారమే. బరంపురం యూనిట్‌కు విశాఖలో ప్రత్యామ్నాయ ఆఫీసు చూపిస్తే తెలిసిన ఆడిటరు ఒప్పుకోడు, రెండూ ఒకే తీరం మీదున్నాయి. సెల్ టవర్లకు బ్యాటరీ కొన్ని గంటలే, కాబట్టి మొబైల్ హాట్‌స్పాట్‌ను మూడో దారిగా రాయకండి. అక్టోబరు మొదటి పదిహేను రోజుల్లో ఇద్దరిని హైదరాబాదు నుంచి పనిచేయించడం అన్నింటికంటే సులువైన ఏర్పాటు. సెప్టెంబరు చివర్లోనే టికెట్లు చేయించండి, హెచ్చరిక వచ్చాక రైళ్ళు రద్దవుతాయి.

నాగావళి – రాయగడ

రాయగడ తీరానికి లోపల ఉంది కదా, అది మాకు కలిసొస్తుందనుకోవచ్చా?

తప్తపాణి – బరంపురం

గాలి వరకు కొంత కలిసొస్తుంది. వాన కాదు. తుపాను లోపలికొచ్చి బలహీనపడ్డాక కొండల్లో కుంభవృష్టి, నాగావళి, వంశధార పొంగడం మీకు తెలిసిందే. ఫైబర్ వంతెనల మీదుగా వస్తుంది, వంతెన తెగితే ఫైబరూ తెగుతుంది. మీ రెండు దారుల్లో ఒకటి విజయనగరం వైపు నుంచి, ఇంకోటి కోరాపుట్ వైపు నుంచి వచ్చేట్టు అడగండి.

కాఫీతోట – కోరాపుట్

భద్రత గురించి ఎవరూ రాయలేదు. పని ఇచ్చినా బాధ్యత ఇవ్వలేరు. ఇచ్చే కంపెనీ ఈ మాట మర్చిపోతే ఏమవుతుందో టీఎస్‌బీ చూపించింది. 2018 ఏప్రిల్‌లో ఆ బ్రిటిష్ బ్యాంకు ఖాతాలన్నీ కొత్త వ్యవస్థలోకి మార్చింది. పని చేసింది అప్పటి మాతృసంస్థ సబాదెల్ గ్రూపులోని ఐటీ కంపెనీయే, ఆ కంపెనీ మళ్ళీ ఎందరో ఉపవెండర్ల మీద ఆధారపడింది. వాళ్ళు సిద్ధంగా ఉన్నారో లేదో బ్యాంకు సరిగా తేల్చుకోలేదు. లక్షలమంది తమ డబ్బు తాము చూసుకోలేకపోయారు. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు బ్యాంకు మీద 4 కోట్ల 86 లక్షల పౌండ్ల పైన జరిమానా వేశాయి. జరిమానా కట్టింది బ్యాంకు. అందుకే వాళ్ళు మిమ్మల్ని మూడు వందల ప్రశ్నల పట్టికతో వేధిస్తారు. విసుక్కోకుండా జవాబు రాయండి.

ఎనిమిది మంది యూనిట్‌కు ఐఎస్‌ఓ 27001 అనే సమాచార భద్రత ధ్రువపత్రం మొదటి రోజే అక్కర్లేదు. ప్రతి లాప్‌టాప్‌కు డిస్క్ ఎన్‌క్రిప్షన్, ప్రతి ఖాతాకు రెండంచెల లాగిన్, ఒకే లాగిన్ ఇద్దరు వాడకపోవడం, ఉద్యోగి మానేసిన రోజే లాగిన్లు మూసేసినట్టు రాతలో రుజువు ఉండాలి. ఈ నాలుగూ ఉంటే మధ్యతరహా క్లయింటు వింటాడు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను ఆరు గంటల్లోపు తెలియజేయాలి, లాగులు (కంప్యూటర్లలో జరిగినదాని నమోదులు) 180 రోజులు ఉంచాలి. చిన్న కంపెనీకీ వర్తిస్తుంది.

ఇంకో మాట, ఇది నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. విదేశాల వైపే చూడకండి. మన పిల్లలకు తెలుగు, ఒడియా, హిందీ మూడూ నోట్లో ఆడతాయి, ఇంగ్లీషు చదువుకున్నారు. దేశంలోని బ్యాంకులు, బీమా కంపెనీలకు ఈ కలయిక నగరంలో అంత సులువుగా దొరకదు. అక్కడ ఆర్‌బీఐ నియమాలు ఉంటాయి: ఐటీ సేవలు బయటికివ్వడం మీద 2023 ఏప్రిల్‌లో ఇచ్చిన మాస్టర్ డైరెక్షన్ అదే ఏడాది అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. బ్యాంకు ఆడిటర్లనూ, అవసరమైతే ఆర్‌బీఐనీ మీ గదిలోకి రానివ్వాలి. దానికి సిద్ధపడితే తలుపు తెరుచుకుంటుంది.

గుణుపురం కుర్రాడు – గుణుపురం

రాత్రి షిఫ్టు తప్పదా సార్? రాయగడలో రాత్రి పదకొండుకి ఆడపిల్లలు ఇంటికెళ్ళాలంటే బండి చూడాలి.

బరంపురం పట్టు – బరంపురం

అమెరికా తూర్పు తీరంలో ఉదయం తొమ్మిది మనకు చలికాలంలో రాత్రి ఏడున్నర, వాళ్ళ ఎండాకాలంలో ఆరున్నర. లండన్ తొమ్మిది మనకు మధ్యాహ్నం రెండున్నర, లేదా ఒకటిన్నర. మొదటి క్లయింటు ఇంగ్లండు అయితే మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి తొమ్మిది షిఫ్టు చాలు. గడియారాలు మార్చే తేదీలు కూడా వేరు: అమెరికా మార్చి రెండో ఆదివారం, యూరప్ మార్చి చివరి ఆదివారం. వెనక్కి తిప్పేది అమెరికా నవంబరు మొదటి ఆదివారం, యూరప్ అక్టోబరు చివరి ఆదివారం. రెండు చోట్లా క్లయింట్లుంటే ఆ మధ్య వారాల్లో మీటింగులు తప్పిపోతాయి, బ్యాచ్ జాబులు గంట అటూ ఇటూ అవుతాయి. జాబు షెడ్యూళ్ళు యూటీసీలో, అంటే గడియారం మార్పులు లేని ప్రపంచ సమయంలో, రాయండి.

రాత్రి తొమ్మిది దాటితే ఇంటి గుమ్మం దాకా బండి ఖర్చు ధరలోనే కలపాలి. తర్వాత అడిగితే రాదు.

మహేంద్రతనయ – పర్లాకిమిడి

కాగితాల పని. సేవల ఎగుమతికి జీఎస్‌టీ సున్నా రేటు, కానీ ప్రతి ఆర్థిక సంవత్సరానికీ ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికిచ్చే హామీ పత్రం) కొత్తగా దాఖలు చేయాలి. మర్చిపోతే పన్ను కట్టి వాపసు కోసం తిరగాలి. డబ్బు విదేశీ మారకంలో రావాలి, లేదా ఆర్‌బీఐ అనుమతించిన చోట రూపాయల్లో. బ్యాంకు పర్పస్ కోడ్ (డబ్బు దేనికొచ్చిందో చెప్పే కోడ్) అడుగుతుంది, తప్పు కోడ్ వేస్తే వాపసు దరఖాస్తుతో పొంతన కుదరదు. సాఫ్ట్‌వేర్ ఎగుమతి ప్రకటన ఎలా చేయాలో మొదటి ఇన్వాయిస్‌కు ముందే బ్యాంకుతో, బరంపురం ఎస్‌టీపీఐ కేంద్రంతో మాట్లాడుకోండి. ఎస్‌టీపీఐ యూనిట్లకు ఉండే 10ఏ ఆదాయపు పన్ను మినహాయింపు 2011 మార్చి 31తో ముగిసింది. పాత సలహాలు నమ్మి దాన్ని లెక్కలో వేసుకోకండి.

చిన్న యూనిట్లు చచ్చేది నష్టంతో కాదు, చేతిలో డబ్బాడక. జీతాలు నెలకు 2.8 లక్షలు, మిగతా ఖర్చులు 1.2 లక్షలు అనుకోండి. మొదటి నెల కేటీకి క్లయింటు డబ్బివ్వడు. రెండో నెల చివర ఇన్వాయిస్, 45 రోజుల గడువు, ఆమోదానికి ఇంకో రెండు వారాలు. మొదటి డాలరు వచ్చేసరికి నాలుగు నెలలు, 16 లక్షలు బయటికి పోయి ఉంటాయి. ఆ డబ్బు విడిగా లేనిదే మొదలెట్టొద్దు.

అమెరికా క్లయింటు అయితే వాళ్ళ పన్ను చట్టం సెక్షన్ 174 కూడా తెలుసుకోవాలి. 2022 నుంచి విదేశాల్లో చేయించిన సాఫ్ట్‌వేర్ అభివృద్ధి ఖర్చును వాళ్ళు పన్ను లెక్కలో ఆదాయంలోంచి ఒకేసారి తీసేసుకోలేరు, పదిహేనేళ్ళకు పరచాలి. మొదటి ఏడాది సగమే లెక్క కాబట్టి పది లక్షల డాలర్లకు 33,333 మాత్రమే. మిగతా 9,66,667 మీద 21 శాతం చొప్పున 2,03,000 డాలర్ల పన్ను ముందే కట్టాలి. తర్వాతి ఏళ్ళలో తిరిగొస్తుంది గానీ నగదు ముందే పోతుంది. 2025లో సొంత దేశంలో చేయించుకునే పనికి ఈ ఇబ్బంది తీసేశారు, విదేశీ పనికి ఉంచారు. ఉన్న సాఫ్ట్‌వేర్‌ను నిలబెట్టే నిర్వహణ పనికి ఇది వర్తించదు. మీరు చేయబోయేది సపోర్టు కాబట్టి, ఇన్వాయిస్‌లో నిర్వహణనూ కొత్త అభివృద్ధినీ వేరు వేరు లైన్లుగా చూపించండి. వాళ్ళ అకౌంటెంట్ అదే అడుగుతాడు.

రుషికుల్య – ఛత్రపురం

ఒప్పందాల మీద పనిచేసేవాడిగా రెండు అంశాలు. మొదటిది హక్కులు. మన కాపీరైట్ చట్టం సెక్షన్ 19లో గడువు రాయకపోతే బదిలీ ఐదేళ్ళకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం, ఏడాదిలోపు వాడకపోతే 19(4) ప్రకారం రద్దు. విదేశీ లాయర్లకు ఇది తెలుసు. శాశ్వతంగా, ప్రపంచమంతటికీ, 19(4) వర్తించదు అని రాయమంటారు. రాయండి, తప్పులేదు. కానీ "పూర్తి చెల్లింపు అందిన తర్వాత" అన్న మాట చేర్చండి. మీరు ముందునుంచీ వాడుకునే సొంత పనిముట్లను పట్టికగా జతచేసి మినహాయించుకోండి, లేకపోతే అవీ పోతాయి.

రెండోది విడిపోవడం. ఇది క్లయింటు భయం, మీరే ముందు రాసిస్తే నమ్మకం పెరుగుతుంది. క్లౌడ్ ఖాతా, డొమైన్, కోడ్ రిపాజిటరీ మొదటి రోజు నుంచీ క్లయింటు పేరు మీదే. రన్‌బుక్‌లు (వ్యవస్థను ఎలా నడపాలో రాసిన సూచనలు) నెలనెలా అప్పగింత. విడిపోతే మూడు నెలలు అదే రేటుకు అప్పగింత సాయం. నష్టపరిహారానికి పైపరిమితి మాత్రం పట్టుబట్టండి, పన్నెండు నెలల బిల్లు మొత్తం కంటే ఎక్కువ వద్దు. అపరిమిత బాధ్యత అని ఉంటే ఆ పని వదులుకోవడమే మంచిది.

నాగావళి – రాయగడ

ఒక్క ప్రశ్న మిగిలింది. బెంగళూరులో వెయ్యి మంది ఉన్న వెండర్‌ను కాదని మా దగ్గరికి రావడానికి మేం చూపించగలిగిందేంటి? రేటు తగ్గించడమేనా?

బరంపురం పట్టు – బరంపురం

రేటు కాదు. నగరంలో వెండర్ మనుషులు ఏడాదీ ఏడాదిన్నరకు మారిపోతుంటారు, ప్రతిసారీ క్లయింటు మళ్ళీ కేటీ చెప్పాలి. మహేంద్రతనయ గారి లెక్కలో పదకొండో మనిషి ఉన్నది ఆ కారణానికే. ఇంటి దగ్గర ఉండి చేసుకునే మనిషి మూడేళ్ళు నిలబడితే క్లయింటుకు ఆ పదకొండో మనిషి అక్కర్లేదు. మీ ప్రతిపాదనలో ఆ అంకె రాయండి: ముఖ్యమైన ముగ్గురి పేర్లు, వాళ్ళు రెండేళ్ళలోపు మారితే కొత్తవాళ్ళకు నేర్పే నాలుగు వారాలకు బిల్లు వేయం అని హామీ. మూడేళ్ళు నిలబెట్టడానికి మీరు జీతంలో పెంచాల్సింది ఏటా పెంచండి, రేటు తగ్గిస్తే అది కుదరదు.

మొదటి పనిగా మొత్తం సపోర్టు అడగకండి. ఒక అప్లికేషన్, పగటి పూట మాత్రమే, పీ2, పీ3 టికెట్లు, ఆరు నెలలు. దాని గత ఏడాది టికెట్ల ఫైలు పంపమనండి. అది చదివి తిరిగి వచ్చే ఐదు సమస్యలకు మూలకారణం ఒక పేజీలో రాసి పంపితే, ధర మాట్లాడకముందే వాళ్ళకు మీ పని కనబడుతుంది. ఫైల్లో కస్టమర్ల వివరాలు చెరిపేసి పంపమని మాత్రం ముందే చెప్పండి.

నాగావళి – రాయగడ

అలాగేనండి. టికెట్ల ఫైలు తెప్పించి, మూలకారణాల పేజీ రాశాక అది ఇక్కడ పెడతాం. రుషికుల్య గారూ, మినహాయింపు పట్టిక నమూనా ఒకటి ఉంటే పెడతారా?

రుషికుల్య – ఛత్రపురం

నాలుగు వరసలు చాలు: పనిముట్టు పేరు, ఎప్పటినుంచి వాడుతున్నారు, అందులో ఓపెన్ సోర్స్ భాగాలు ఏ లైసెన్సువి, క్లయింటుకు ఇచ్చే వాడుక హక్కు ఏంటి. మూడో వరస ఖాళీగా వదలొద్దు. పంచితే కోడు కూడా ఇవ్వాలనే జీపీఎల్ లైసెన్సు భాగం ఒకటి కలిసి ఉంటే వాళ్ళ లాయరు అక్కడే ఆపుతాడు.